తొలి పారిశ్రామికీకరణ: మారిన పని, మారిన బతుకు

18వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో ఇంగ్లండు ఉత్తర, మధ్య ప్రాంతాల్లో, ముఖ్యంగా లాంకషైర్, డార్బీషైర్, యార్క్‌షైర్ కౌంటీల్లో మొదలై, 1850 నాటికి ఆ దేశపు రూపాన్నే మార్చేసిన పరిణామాన్ని తొలి పారిశ్రామికీకరణ అంటారు. ఆవిరి యంత్రం, నూలు మిల్లు, రైలు దాని గుర్తులుగా పాఠ్యపుస్తకాలకెక్కాయి. ఆ యంత్రాల పక్కన నిలబడి పనిచేసినవాళ్ల సంగతి అంతగా ఎక్కలేదు. పొద్దున ఎన్నింటికి లేవాలి, ఎంతసేపు పనిచేయాలి, ఏం తినాలి, పిల్లలు ఎవరి కళ్లముందు పెరగాలి అన్నవన్నీ ఆ ఎనభై ఏళ్లలోనే కొత్తగా తేలాయి. ఈ వ్యాసం ప్రధానంగా నూలు, బట్ట పరిశ్రమను ఆధారం చేసుకుంటుంది. మార్పు అందరికంటే ముందు తగిలింది ఆ పనివాళ్లకే. దాని దెబ్బ గోదావరి తీరపు ఇళ్ల దాకా వచ్చింది కూడా.

మిల్లుకు ముందు

1750 ప్రాంతంలో లాంకషైర్ పల్లెల్లో బట్ట అంతా ఇళ్లలోనే తయారయ్యేది. చిన్నపిల్లలు దూది ఏకితే ఆడవాళ్లు రాట్నం మీద వడికేవారు, మగవాళ్లు మగ్గం మీద కూర్చునేవారు. ముడిసరుకు షావుకారు ఇస్తాడు. నేసిన తాను భుజాన వేసుకెళ్లి అప్పజెప్పి కూలి తెచ్చుకోవాలి. చీరాలలోనో మంగళగిరిలోనో మాస్టర్ వీవర్ దగ్గర నేసే కుటుంబాలకు ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. చాలామందికి ఇంటి వెనక కాస్త నేల, ఒక ఆవు ఉండేవి. కోతల రోజుల్లో మగ్గం ఆగిపోయేది.

వారం కూడా ఒకే తీరుగా నడిచేది కాదు. ఆదివారం తాగినవాడు సోమవారం పనిలోకి దిగడు. దానికి ‘సెయింట్ మండే’ అని వేళాకోళంగా పండుగ పేరొకటి పెట్టుకున్నారు. మంగళవారం మెల్లగా మొదలైన పని శుక్రవారం రాత్రి దీపాల వెలుగులో పరుగులు తీసేది. ఇదంతా స్వర్ణయుగమేమీ కాదు. బేరం తగ్గితే పస్తులే, ఐదారేళ్ల పిల్లలకు ఇంట్లోనూ పని తప్పేది కాదు. అయితే ఆ పని వేగం ఎంతన్నది ఇంటివాళ్ల చేతిలో ఉండేది. మిల్లు మొదట లాక్కున్నది దాన్నే.

కదురు నుంచి మ్యూల్ దాకా

ఒక నేతగాడికి చేతినిండా నూలు అందాలంటే కనీసం నలుగురు వడకాలి. 1733లో జాన్ కే ‘ఎగిరే నాడె’ తెచ్చాక నేత వేగం పెరిగి నూలు కొరత ఇంకా ముదిరింది. యంత్రాలు ముందు వడకడంలోకి వచ్చింది అందుకే. 1764 ప్రాంతంలో జేమ్స్ హార్‌గ్రీవ్స్ తయారుచేసిన ‘స్పిన్నింగ్ జెన్నీ’ ఒకే చక్రంతో పలు కదుళ్లు తిప్పింది. 1769లో రిచర్డ్ ఆర్క్‌రైట్ నీటి చక్రంతో నడిచే యంత్రానికి పేటెంటు పొందాడు. 1779లో శామ్యూల్ క్రాంప్టన్ ఈ రెంటి పద్ధతులనూ కలిపి ‘మ్యూల్’ చేశాడు. సన్నని, గట్టి నూలు దానితోనే సాధ్యమైంది.

ఈ మార్పు ఎంతటిదో ఒక లెక్క చెబుతుంది. 100 పౌన్ల పత్తిని, అంటే సుమారు 45 కిలోలను, నూలుగా వడకడానికి భారతదేశపు రాట్నం మీద 50 వేల గంటలకు పైగా పట్టేదని ఆర్థిక చరిత్రకారుల అంచనా. క్రాంప్టన్ మ్యూల్ మీద అది 2 వేల గంటలకు, 1795 నాటి యంత్రాల మీద 300 గంటలకు, 1825లో రిచర్డ్ రాబర్ట్స్ చేసిన స్వయంచాలక మ్యూల్ మీద 135 గంటలకు దిగింది. కూలి ఎంత చవకైనా చేతి రాట్నం ఈ పోటీలో నిలవలేదు.

ఆర్క్‌రైట్ 1771లో డార్బీషైర్‌లోని క్రామ్‌ఫర్డ్ దగ్గర మిల్లు కట్టాడు. పన్నెండేసి గంటల రెండు షిఫ్టులతో అది రాత్రింబవళ్లు నడిచింది. చుట్టుపక్కల చాలినంత మంది దొరకక కుటుంబాలను రప్పించి ఇళ్లు కట్టించి ఇచ్చాడు. జేమ్స్ వాట్ ఆవిరి యంత్రం 1780ల్లో చక్రాలు తిప్పగలిగే స్థితికి వచ్చాక ఏటి ఒడ్డు అవసరం తీరిపోయింది. బొగ్గు, జనం దొరికే చోటికి, అంటే మాంచెస్టర్ లాంటి ఊళ్లలోకి, మిల్లులు చేరాయి. ఆ మిల్లులకు కావలసిన పత్తిలో ఎక్కువ భాగం అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బానిసలు ఏరిందే. 1793లో ఎలీ విట్నీ పత్తి గింజ తీసే జిన్ను కనిపెట్టాక అక్కడ పత్తి సాగుతోపాటు బానిసత్వమూ విస్తరించింది. చవక బట్ట అంటున్నప్పుడు ఈ మాట కూడా చెప్పుకోవాలి.

గంట కొడితే పని

ఆవిరి యంత్రం ఒకసారి కదిలితే వందల యంత్రాలు దానితోపాటు కదులుతాయి. ఒకడు ఆలస్యంగా వస్తే అతని యంత్రం ఊరికే తిరుగుతుంది, బొగ్గు ఖర్చు మాత్రం ఆగదు. కాబట్టి యజమానికి కావలసింది పనితనంకన్నా ముందు వేళకు హాజరు. తెల్లవారకముందే మిల్లు గంట మోగేది, కాసేపటికి గేటు మూసేసేవారు. ఇళ్లలో గడియారాలు లేనివాళ్లను లేపడానికి పొడవాటి కర్రతో కిటికీలు తట్టి కూలి తీసుకునే ఒక వృత్తే పుట్టింది. కొన్ని మిల్లుల్లో పొద్దున గడియారాన్ని ముందుకు, సాయంత్రం వెనక్కు తిప్పుతున్నారని కార్మికులు ఫిర్యాదు చేసేవారు.

మాంచెస్టర్ దగ్గరి టిల్డ్‌స్లీలో 1823 సమ్మె సందర్భంగా కార్మికులు బయటపెట్టిన జరిమానాల పట్టిక చూస్తే లోపలి బతుకు అర్థమవుతుంది. కిటికీ తెరిస్తే 1 షిల్లింగు. పని వేళలో ఒళ్లు కడుక్కుంటే 1 షిల్లింగు. ఈల వేస్తే 1 షిల్లింగు. లోపల వేడి 80 డిగ్రీల ఫారన్‌హీట్ దాటేది. గాలి పొడిగా, చల్లగా ఉంటే పోగు తెగుతుంది, అందుకే కిటికీ తెరవనివ్వరు. దూది ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని ఏళ్ల తరబడి దగ్గు పట్టుకునేది. మర మగ్గాల షెడ్డులో మాట వినబడదు కాబట్టి ఆడవాళ్లు పెదవుల కదలికతోనే కబుర్లు చెప్పుకోవడం అలవాటు చేసుకున్నారు. 1805 తర్వాత మిల్లుల్లోకి గ్యాసు దీపాలు రావడంతో చలికాలపు చీకటి కూడా పని ఆపలేకపోయింది.

ఈ కొత్త క్రమశిక్షణ బట్టల మిల్లులకే పరిమితం కాలేదు. కుండల తయారీదారు జొసయా వెడ్జ్‌వుడ్ 1769లో తెరిచిన ఎట్రూరియా కర్మాగారంలో గంటలు, హాజరు లెక్కలు, జరిమానాలు అన్నీ పెట్టాడు. ఇంతా చేసి, పనివాళ్లు తిరునాళ్లకు ఎగ్గొట్టడం మాత్రం మాన్పించలేకపోయాడు. పాత అలవాటు ఒక తరంలో పోయేది కాదు. చరిత్రకారుడు ఇ. పి. థాంప్సన్ 1967లో రాసిన ప్రసిద్ధ వ్యాసం ఈ పెనుగులాట గురించే. మొదటి తరం కార్మికులు గడియారాన్ని ఎదిరించారని, తర్వాతి తరాలవాళ్లు పని గంటలు తగ్గించాలని, అదనపు గంటలకు అదనపు కూలి ఇవ్వాలని పోరాడారని ఆయన చూపించాడు. కాలం అమ్ముడుపోయే సరుకని ఒప్పుకున్నాక మిగిలేది బేరమే.

మ్యూల్ కింద పిల్లలు

తొలి మిల్లుల్లో పిల్లల పని గురించి చాలా రాశారు. ఆ పని ఎలా ఉండేదో దగ్గరగా చూస్తేనే దాని బరువు తెలుస్తుంది. మ్యూల్ యంత్రంలో కదుళ్లున్న బండి పట్టాల మీద ఐదడుగుల దాకా ముందుకొచ్చి పోగులను లాగి పురి ఎక్కిస్తుంది, వెనక్కు పోతూ కదుళ్లకు చుడుతుంది. వందల పోగుల్లో ఎక్కడో ఒకటి తెగుతూనే ఉంటుంది. బండి దగ్గరకు వచ్చిన ఆ కొద్ది క్షణాల్లో పిల్లవాడు వంగి తెగిన కొసలు రెంటినీ వేళ్లతో నలిపి అతకాలి. వీళ్లను ‘పీసర్లు’ అనేవారు. ఇంకా చిన్నవాళ్లు యంత్రం కింద దూరి, కదులుతున్న బండికి తగలకుండా, రాలిన దూది ఊడ్చేవారు. టాడ్‌మార్డెన్ మిల్లు యజమాని జాన్ ఫీల్డెన్, ఇలా బండి వెంట తిరిగే పిల్ల రోజుకు 20 మైళ్ల దాకా నడుస్తుందని లెక్కగట్టి 1836లో అచ్చువేశాడు. తానే యజమాని అయివుండి పని గంటలు తగ్గించాలని పార్లమెంటులో పోరాడినవాడు ఫీల్డెన్.

ఏటి ఒడ్డు మిల్లులకు పిల్లలు అనాథ శరణాలయాల నుంచి వచ్చేవారు. లండన్ చర్చి పరగణాలు తమ పోషణలో ఉన్న పిల్లలను బళ్లలో ఎక్కించి వందల మైళ్ల దూరం పంపి బాధ్యత వదిలించుకునేవి. చెషైర్‌లో శామ్యూల్ గ్రెగ్ 1784లో కట్టిన క్వారీ బ్యాంక్ మిల్లు దగ్గర అలాంటి పిల్లలుండే ఇల్లు ఇప్పటికీ ఉంది, మ్యూజియంగా చూపిస్తారు. పట్నం మిల్లుల్లో పిల్లలు ఎక్కువగా కార్మికుల బిడ్డలే. తండ్రి వడికితే కొడుకు అతికేవాడు. కూలి తండ్రి చేతికి వచ్చేది. పిల్లల పని మాన్పించే చట్టాలకు కొందరు తల్లిదండ్రులే ఎదురు చెప్పారంటే అది కర్కశత్వం అనుకోకూడదు. ఆ షిల్లింగులు లేకపోతే ఇల్లు గడవదు.

మగ్గం మీద మిగిలినవాళ్లు

మిల్లు నూలు పోటెత్తిన మొదటి రోజుల్లో చేనేతవాళ్లకు మంచి కాలం నడిచింది. కావలసినంత నూలు, మంచి కూలి. కొత్తవాళ్లు వేలల్లో మగ్గం ఎక్కారు. 1820 నాటికి బ్రిటన్‌లో నూలు చేనేతవాళ్లు సుమారు 2 లక్షల 40 వేల మంది. ఎడ్మండ్ కార్ట్‌రైట్ 1785లోనే మర మగ్గానికి పేటెంటు తీసుకున్నా అది సరిగ్గా పనిచేయడానికి చాలా ఏళ్లు పట్టింది. పట్టాక మాత్రం ఆగలేదు. 1813లో 2,400 ఉన్న మర మగ్గాలు 1833కు లక్ష, 1850కి రెండున్నర లక్షలు అయ్యాయి. బోల్టన్‌లో 1805 ప్రాంతంలో వారానికి పాతిక షిల్లింగులు తెచ్చుకున్న నేతగాడు 1830లో ఐదారు షిల్లింగులకు నేశాడు. ఇంకో పని రాదు, మర మగ్గాల మీదికి ఎక్కువగా ఆడవాళ్లనూ పిల్లలనూ తీసుకుంటారు, వయసు మీరింది. నెమ్మదిగా సాగిన ఈ పతనం యంత్రాలు విరగ్గొట్టిన లడ్డైట్లంత ప్రసిద్ధి పొందలేదు గాని, ఆ కాలపు అతి పెద్ద విషాదం ఇదే.

లడ్డైట్ల అలజడి 1811లో నాటింగ్‌హామ్‌షైర్ మేజోళ్ల నేతవాళ్లతో మొదలై యార్క్‌షైర్, లాంకషైర్‌లకు పాకింది. వీళ్లను యంత్రమంటేనే భయపడే అమాయకులుగా చిత్రించడం తప్పు. నాసిరకం సరుకు చేసి కూలి కోసే యజమానుల యంత్రాలనే ఏరి పగలగొట్టారు. పక్కింటి యంత్రం జోలికి పోని సందర్భాలున్నాయి. 1812లో పార్లమెంటు యంత్రాలు విరగ్గొట్టడానికి మరణశిక్ష విధించింది. కవి బైరన్ ప్రభువుల సభలో తన తొలి ప్రసంగం ఆ బిల్లుకు వ్యతిరేకంగానే చేశాడు. 1813 జనవరిలో యార్క్‌లో 17 మందిని ఉరి తీశారు. 1819 ఆగస్టు 16న మాంచెస్టర్ సెయింట్ పీటర్స్ మైదానంలో ఓటుహక్కు కోరుతూ చేరిన జనం మీదికి గుర్రపు దళాన్ని తోలారు. కనీసం 15 మంది చనిపోయారు, వందలాది మంది గాయపడ్డారు. పీటర్లూగా చరిత్రకెక్కిన ఆ సభకు వచ్చినవాళ్లలో నేతవాళ్లు చాలామంది.

ఊరు, ఇల్లు, తిండి

మాంచెస్టర్ జనాభా 1801లో సుమారు 75 వేలు, 1851లో 3 లక్షలు. ఇళ్లు, మురుగు కాలువలు, మంచినీళ్లు ఆ వేగాన్ని అందుకోలేదు. వెనక గోడలు కలిపి కట్టిన ఇళ్లలో గాలి ఆడదు, నేలమాళిగల్లో కుటుంబాలకు కుటుంబాలు కాపురం. 1832లో కలరా ఈ వీధులనే ఏరుకుంది. ఎడ్విన్ చాడ్విక్ 1842 నివేదికలో మాంచెస్టర్ కూలివాళ్లు చనిపోయే సగటు వయసు 17 ఏళ్లు, పల్లెలే ఎక్కువున్న రట్‌లాండ్ కూలివాళ్లకు అది 38. శిశు మరణాలు కలిసిన సగటు కాబట్టి పెద్దవాళ్లంతా 17కే పోయారని అర్థం కాదు. కాని ఆ తేడా ఎంత ఘోరమో తెలియడానికి ఆ రెండు అంకెలు చాలు. 1848లో ప్రజారోగ్య చట్టం వచ్చింది.

తల్లి మిల్లుకు పోతే వంటకు వేళ ఉండదు. రొట్టె, బంగాళాదుంప, కాస్త పందికొవ్వు, పంచదార వేసిన టీ కార్మికుల తిండిగా స్థిరపడ్డాయి. చంటిబిడ్డ నిద్రపోవాలని నల్లమందు కలిసిన ‘గాడ్‌ఫ్రీస్ కార్డియల్’ పట్టడం మామూలైపోయింది. కొందరు యజమానులు కూలిని తమ కొట్టులో సరుకుల రూపంలో ఇచ్చేవారు. 1831లో చట్టం దాన్ని నిషేధించింది. అంగళ్ల కల్తీకి, అప్పులకు విసిగి రోచ్‌డేల్‌లో ఒక చిన్న బృందం పోగుచేసుకున్న సొమ్ముతో 1844 డిసెంబరు 21న వెన్న, పంచదార, పిండి, ఓట్ పిండి, కొవ్వొత్తులతో కొట్టు తెరిచింది. నేటి సహకార సంఘాల తొలి ఆదర్శం అదే.

లాభాలూ వచ్చాయి. చవకైన, ఉతుక్కోగలిగే నూలు గుడ్డలు బీదవాళ్లకు అందడం చిన్న సంగతి కాదు. అప్పటిదాకా వాళ్ల ఒంటి మీద నెలల తరబడి ఉతకని ఉన్ని ఉండేది. పింగాణీ పళ్లెం, కిటికీకి పరదా, గోడకు గడియారం మామూలు ఇళ్లలోకి వచ్చాయి. 1830లో లివర్‌పూల్–మాంచెస్టర్ రైలు మొదలైంది. ఊరికొక వేళ ఉన్న దేశంలో 1847 నుంచి రైల్వేలు గ్రీనిచ్ కాలాన్ని పాటించాయి. 1846లో బ్లాక్‌పూల్‌కు పట్టాలు పడ్డాక మిల్లులు మూసే తిరునాళ్ల వారంలో కార్మికులు సముద్రం చూశారు.

కూలి పెరిగిందా అన్నది ఇప్పటికీ తెగని వాదం. ఆర్థిక చరిత్రకారుడు రాబర్ట్ అలెన్ లెక్క ప్రకారం 1840 దాకా తలసరి ఉత్పత్తి పెరుగుతూ పోయినా నిజ వేతనాలు దాదాపు కదలలేదు. ఆ తర్వాతే పెరిగాయి. అంటే కష్టం పడ్డ తరం ఒకటి, ఫలితం తిన్న తరం మరొకటి. ఈ ఒక్క సంగతి మరిచిపోయి సగటులు చెప్పేవాళ్ల మాట నమ్మదగింది కాదు.

చట్టాలు

1802, 1819 చట్టాలు కాగితం మీదే ఉండిపోయాయి. తనిఖీ చేసేవాడే లేడు. 1833 చట్టం బట్టల మిల్లుల్లో తొమ్మిదేళ్లలోపు పిల్లలను నిషేధించి, 13 ఏళ్లలోపువారికి వారానికి 48 గంటలే అని, రోజూ చదువు చెప్పించాలని చెప్పింది. నలుగురు ఇన్‌స్పెక్టర్లను కూడా వేసింది. నలుగురే అయినా వాళ్ల నివేదికలతోనే లోకానికి లోపలి సంగతులు తెలిశాయి. 1842లో ఆడవాళ్లను, పదేళ్లలోపు మగపిల్లలను భూగర్భ గనుల్లోకి దింపకూడదన్నారు. 1847లో ఆడవాళ్లకు, 18 ఏళ్లలోపువారికి పది గంటల పనిదినం వచ్చింది. వాళ్లు లేకపోతే యంత్రం నడవదు గనక మగవాళ్లకూ మేలు జరిగింది. 1850 చట్టంతో శనివారం మధ్యాహ్నం రెండింటికి వాళ్ల పని ఆగింది. ఆ సగం రోజులోనే లాంకషైర్ ఫుట్‌బాల్ పెరిగింది.

గోదావరి తీరం, బొంబాయి

17వ శతాబ్దంలో మచిలీపట్నం అద్దకపు బట్టలు లండన్‌లో విపరీతంగా చెల్లేవి. అక్కడి ఉన్ని, పట్టు నేతవాళ్ల ఒత్తిడితో 1700లో, 1721లో అద్దకపు నూలు బట్టల మీద నిషేధ చట్టాలు చేశారు. లాంకషైర్ పరిశ్రమ పసితనంలో ఆ గోడ చాటునే పెరిగింది. యానాం దగ్గరి ఇంజరం, నరసాపురం పక్కన మాధవాయిపాలెం అప్పట్లో ఈస్టిండియా కంపెనీ బట్టల కొనుగోలు స్థావరాలు. ఆ రెండో ఊరి పేరు మీద ‘మాడపోలం’ అనే బట్టను తర్వాత లాంకషైర్ మిల్లులే నేసి అమ్ముకున్నాయి. 1813లో భారత వ్యాపారంపై కంపెనీ గుత్తాధిపత్యం పోయింది, 1833 చట్టంతో అది వ్యాపారమే మానుకుంది. కొనుగోళ్లు పోయి దిగుమతులు మిగిలాయి.

ఇక్కడ మొదట కూలింది మగ్గం అనుకుంటారు. ముందు కూలింది రాట్నం. మిల్లు నూలు చవకగా దొరకడంతో నేతవాళ్లు దాన్నే పడుగు, పేకలకు వాడుకుని చాలాచోట్ల నిలదొక్కుకున్నారు. నూలు వడికి నాలుగు డబ్బులు సంపాదించుకునే ఆడవాళ్లకు, ముఖ్యంగా వితంతువులకు, ఆ దారి మూసుకుపోయింది. పొందూరు లాంటి కొద్ది చోట్లే చేతి వడుకు మిగిలింది. లాంకషైర్‌లోనూ రాట్నం పోయిన మొదటి బాధితులు ఆడవాళ్లే గాని, వాళ్ల కూతుళ్లకు మిల్లు పని దొరికింది. గోదావరి జిల్లాల్లో ఆ మిల్లూ లేదు.

మిల్లు పనికి తెలుగువాళ్లు దూరం పోవలసి వచ్చింది. కావస్జీ దావర్ 1854లో స్థాపించిన కంపెనీతో బొంబాయిలో మొదలైన నూలు మిల్లుల్లోకి, షోలాపూర్‌కు, తెలంగాణ పద్మశాలి కుటుంబాలు వలస వెళ్లాయి. లాంకషైర్‌లో అరవై ఏళ్ల కిందట జరిగిన కథే అక్కడ మళ్లీ నడిచింది. సూర్యోదయం నుంచి అస్తమయం దాకా పని, వారపు సెలవు లేదు. 1881 ఫ్యాక్టరీ చట్టం ఏడేళ్లు నిండిన పిల్లలతో తొమ్మిది గంటలు పనిచేయించవచ్చంది. ఆ చట్టం రావడంలో కార్మికుల మీది దయతోపాటు బొంబాయి పోటీ తగ్గాలన్న లాంకషైర్ యజమానుల ఒత్తిడి కూడా ఉంది. నారాయణ్ మేఘాజీ లోఖండే నడిపిన ఆందోళనతో 1890లో బొంబాయి మిల్లులు ఆదివారం సెలవు ఒప్పుకున్నాయి. మరుసటి ఏడాది అది చట్టమైంది. పెద్ద మగవాళ్ల పని గంటలకు 1911 దాకా హద్దే లేదు. అప్పుడు బట్టల మిల్లుల్లో రోజుకు 12 గంటలన్నారు, 1922లో వారానికి 60 గంటలన్నారు. నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఫ్యాక్టరీల్లో వాడుకలో ఉన్న 48 గంటల వారం 1948 ఫ్యాక్టరీల చట్టంలో రాసినది.